హత్య ఒకటైతే రోడ్డు చావులు ఆరు

2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే రోజుకు 78. అదే ఏడాది రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. రోజుకు దాదాపు 462 మంది. నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు 38 వేలు దాటారు. హంతకుల చేతుల్లో పోయినవాళ్ల కంటే చెరువులు, కాలువలు, గుంతల్లో పోయినవాళ్లే ఎక్కువన్నమాట. ఇంకొక్క అంకె చూడండి. హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్లి చనిపోయినవాళ్లే 50,029 మంది. ఇది ఒక్కటే హత్యల సంఖ్యకు ఒకటిన్నర రెట్లను మించింది.

మరుసటి ఏడాది, 2023లో, హత్య కేసులు కాస్త తగ్గి 27,721కి దిగాయి. రోడ్డు మరణాలు మాత్రం పెరిగి 1,72,890కి చేరాయి.

హత్యలను తక్కువ చేసి చూపడానికి ఈ లెక్కలు చెప్పడం లేదు. నా బాధ వేరే. ఊళ్లో ఒక హత్య జరిగితే డీఎస్పీ వస్తారు, క్లూస్ టీమ్ వస్తుంది, డాగ్ స్క్వాడ్ వస్తుంది, నెలరోజులు అందరి నోటా అదే మాట. అదే ఊరి అడ్డరోడ్డు దగ్గర ఏడాదిలో ముగ్గురు బండి మీదే పోతే మాత్రం ‘రాసిపెట్టి ఉంది’ అంటాం, ‘వాడి టైం బాగాలేదు’ అంటాం. మూడో మనిషి పోయినప్పుడైనా ఆ అడ్డరోడ్డు సంగతేమిటని అడిగేవాళ్లు అరుదు. దొంగతనమైనా, కొట్లాటైనా, ప్రమాదమైనా అన్ని చోట్లా సమానంగా జరగదు. ఒక చోటు, ఒక వేళ, ఒక తీరు ఉంటాయి. వాటిని లెక్కగట్టి ఆ చోటును మారిస్తే చాలా వరకు ఆగిపోతాయి. ఇది ఆశతో చెబుతున్న మాట కాదు, ప్రపంచంలో చాలా ఊళ్లలో చేసి చూపించిన పని.

మన రెండు రాష్ట్రాల సంగతి ముందు చూద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8,300 మంది, తెలంగాణలో దాదాపు 7,550 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. కలిపితే రోజుకు 43 మంది. ఒక బడిలో ఒక తరగతి గది నిండా కూర్చునేంత మంది, ప్రతిరోజూ. దేశవ్యాప్తంగా చనిపోయినవారిలో మూడింట రెండు వంతులు 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు. ఇంటికి ఆధారమైన మనిషే పోతున్నాడు. ఆ తర్వాత పిల్లల చదువు ఆగిపోవడం, అప్పులు, అమ్ముకున్న ఎకరం, ఇవేవీ ఏ గణాంకాల పుస్తకంలోనూ ఉండవు.

ఈ మరణాలు ఎక్కడ జరుగుతున్నాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. దేశంలోని రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతం చిల్లర. మరణాల్లో వాటి వాటా 36 శాతం. ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు మలుపుల్లో కాదు, తిన్నగా ఉన్న రోడ్ల మీదే జరిగాయి. రోజులో అన్నిటికంటే చెడ్డ వేళ సాయంత్రం 6 నుంచి రాత్రి 9 వరకు. మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని రాశారు. చనిపోయినవారిలో 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు, దాదాపు 20 శాతం నడిచి వెళ్లేవాళ్లు.

నేరాలదీ ఇదే తీరు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్లన్నిటినీ చిరునామాల వారీగా విడదీసి లారెన్స్ షెర్మన్ బృందం 1989లో ఒక పరిశోధన ప్రచురించింది. నగరంలోని చిరునామాల్లో 3 శాతం చోట్ల నుంచే సగం ఫోన్లు వస్తున్నాయని తేలింది. ఆ తర్వాత ఎన్నో నగరాల్లో చూశారు. అంకె అటూ ఇటూ అయిందే తప్ప తీరు మారలేదు. మన దగ్గర 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మహిళల భద్రత కోసం మొదలైన పోలీసు షీ టీమ్స్ కూడా బస్టాపులు, కాలేజీ గేట్లు, రైల్వే స్టేషన్ల వంటి ఆకతాయిలు చేరే చోట్లు గుర్తించి అక్కడ మఫ్టీలో నిలబడటంతోనే పని మొదలుపెట్టాయి. నగరమంతా తిరగడం కంటే ఆ చోట నిలబడటమే ఫలితమిస్తుంది.

ఒక జరిమానా, రెండు లాభాలు

నేరాన్నీ ప్రమాదాన్నీ కలిపి ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కోసారి రెండింటికీ మందు ఒకటే. దీనికి నాకు తెలిసిన అతి చక్కటి ఉదాహరణ పశ్చిమ జర్మనీది. అక్కడ మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి అని 1976లోనే చట్టం చేశారు. కానీ శిక్ష లేకపోవడంతో చాలామంది పట్టించుకోలేదు. 1980లో అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. హెల్మెట్లు తలకెక్కాయి. దాంతోపాటు ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. 1980లో దేశంలో 1,53,153 మోటార్‌సైకిళ్లు చోరీ అయ్యాయి. 1983కి అవి 1,18,550కి, 1986కి 54,208కి తగ్గాయి. ఆరేళ్లలో మూడింట రెండు వంతుల చోరీలు మాయమయ్యాయి.

కారణం చిన్నదే. బండ్ల దొంగల్లో చాలామంది ముందుగా పథకం వేసుకుని వచ్చేవాళ్లు కాదు. దారిన పోతూ తాళం లేని బండి కనబడితే ఎక్కి పోయేవాళ్లు. వాళ్ల చేతిలో హెల్మెట్ ఉండదు. హెల్మెట్ లేకుండా వెళ్తే మొదటి కూడలిలోనే పోలీసు ఆపుతాడు. పోనీ, వాళ్లంతా కార్ల మీద పడ్డారా? బండ్ల చోరీలు తగ్గినంతలో కార్ల చోరీలు పెరగలేదు, సైకిళ్ల చోరీలైతే తగ్గాయి కూడా. అవకాశం మూసేస్తే దొంగ ఇంకో చోటికి పోతాడు తప్ప మానడని మనం గట్టిగా నమ్ముతాం. చాలా సందర్భాల్లో మానేస్తాడని జర్మనీ లెక్కలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. మన దగ్గర గొలుసు దొంగలు ముఖం కనపడకుండా ఉండటానికే హెల్మెట్ పెట్టుకుంటున్నారు కదా అని. నిజమే. అందుకే ఏ దేశంలోనో పనిచేసిన ఉపాయాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. మన ఊళ్లో ఏ నేరం ఎలా జరుగుతోందో మనమే లెక్క చూసుకోవాలి. అయితే తల విషయంలో మాత్రం అనుమానం లేదు. ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ తలగాయం ముప్పును 69 శాతం, చావు ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. గడ్డం కింద పట్టీ బిగించినప్పుడే అది హెల్మెట్. ట్యాంకు మీద పెట్టుకున్నదీ, అద్దానికి తగిలించినదీ లెక్కలోకి రావు. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన ఊళ్లలో వెనక కూర్చునేది చాలావరకు భార్య, తల్లి, చెల్లెలు. మగాడి తలకున్న హెల్మెట్ ఆవిడ తలకు ఎందుకు లేదు?

రిసెప్షన్ గుమాస్తా అడిగిన మూడు ప్రశ్నలు

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్. అక్కడ జోనథన్ షెపర్డ్ అనే డాక్టరు ముఖం, దవడ గాయాలకు శస్త్రచికిత్స చేసేవారు. వారాంతపు రాత్రుళ్లు పగిలిన గాజు గ్లాసులతో ముఖాలు చీల్చుకుని వచ్చేవాళ్లకు కుట్లు వేసీ వేసీ ఆయనకు ఒక అనుమానం కలిగింది. వీళ్లంతా పోలీసుల లెక్కల్లో ఉన్నారా? చూస్తే, కొట్లాటల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదు. భయం వల్ల కొందరు, తామూ తాగి ఉన్నామని కొందరు, ఎందుకొచ్చిన గొడవని మరికొందరు ఫిర్యాదు చేయలేదు.

ఆయన చేసింది చాలా చవకైన పని. ఎమర్జెన్సీ విభాగంలో పేరు రాసుకునే గుమాస్తా ఇంకో మూడు సంగతులు అడిగి కంప్యూటర్‌లో ఎక్కించేలా చేశారు. దాడి సరిగ్గా ఎక్కడ జరిగింది? ఏ వేళకు? దేనితో కొట్టారు? పేర్లు తీసేసి ఆ వివరాలను ప్రతి నెలా పోలీసులకూ పురపాలక సంఘానికీ ఇచ్చారు. ఏ బార్ ముందు, ఏ గంటకు గొడవలవుతున్నాయో పటం మీద చుక్కల్లా కనిపించింది. గస్తీ అక్కడికి మారింది. ఒక వీధిలో రాత్రి వేళ వాహనాలు ఆపేశారు. బార్లలో గాజు గ్లాసులకు బదులు పగలని గ్లాసులు వచ్చాయి. బ్రిటన్‌లోనే కార్డిఫ్‌ను పోలిన 14 నగరాలతో పోల్చి చూస్తే, దాడుల్లో గాయపడి ఆసుపత్రిలో చేరేవాళ్లు కార్డిఫ్‌లో 42 శాతం తక్కువగా ఉన్నారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈ ఏర్పాటు మీద పెట్టిన ప్రతి పౌండుకూ సమాజానికి 82 పౌండ్ల మేలు జరిగిందని ఆ తర్వాత లెక్కగట్టారు. షెపర్డ్‌కు 2008లో నేరశాస్త్రంలో స్టాక్‌హోమ్ బహుమతి వచ్చింది. నేరశాస్త్రంలో అంత పెద్ద బహుమతి ఒక సర్జన్‌కు వచ్చిందంటే, ఆయన గుమాస్తా చేత అడిగించిన ప్రశ్నలకే అది దక్కిందని నేను అనుకుంటాను.

స్వీడన్‌లోని ఫాల్షొపింగ్ అనే చిన్న పట్టణంలో 1970ల చివర్లో ఇదే పని ప్రమాదాల విషయంలో చేశారు. ఆసుపత్రికి వచ్చే ప్రతి గాయాన్నీ ఇంట్లోనా, పనిలోనా, రోడ్డు మీదా అని విడదీసి రాసి, కారణాలు వెతికి, ఊరివాళ్లతో కలిసి సరిచేసుకుంటూ పోయారు. మూడేళ్లలో ఇళ్లలో జరిగే ప్రమాదాలు 27 శాతం తగ్గాయి. ‘సురక్షిత సమాజం’ అనే ఆలోచన ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వెళ్లింది అక్కడి నుంచే.

మన దగ్గర రిజిస్టర్లున్నాయి, కలిపి చూసేవాళ్లు లేరు

ఇదంతా విదేశాల్లో తప్ప ఇక్కడ కుదరదనుకోవద్దు. లెక్క రాసే అలవాటు మనకూ ఉంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఫోన్ వచ్చిన వేళ, అంబులెన్స్ వెళ్లిన చోటు, ఎక్కించుకున్న మనిషి గాయం, అన్నీ దాని దగ్గర ఉంటాయి. ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసుల) రిజిస్టర్ ఉంటుంది. కొట్లాట, ప్రమాదం, కాలిన గాయం, విషం, ఏదొచ్చినా అందులో రాయాల్సిందే. పోలీస్ స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. నీళ్లలో పడి పోయినా, కరెంటు షాక్ కొట్టి పోయినా అనుమానాస్పద మృతిగా, పాత సీఆర్‌పీసీలోనైతే 174 సెక్షన్ కింద, ఇప్పటి కొత్త చట్టంలో 194 సెక్షన్ కింద ఒక ఫైలు నడుస్తుంది.

ఈ ఫైలు ఎలా ముగుస్తుందో దగ్గరగా చూడండి. పంచనామా రాస్తారు, శవాన్ని పోస్టుమార్టానికి పంపుతారు, కుటుంబసభ్యుల వాంగ్మూలం తీసుకుంటారు. తేల్చవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో ఎవరి చెయ్యైనా ఉందా? లేదని తేలితే ఫైలు మూసేస్తారు. చట్టానికి కావలసింది అంతే. ఆ గుంతకు గట్టు ఉందా, కంచె ఉందా, అందులో ఇంతకుముందు ఎవరైనా పడ్డారా అన్నది ఆ ఫైలుకు పట్టదు. వచ్చే ఎండాకాలం అదే గుంతలో ఇంకో పిల్లాడు పడితే ఇంకో నంబరుతో ఇంకో ఫైలు తెరుస్తారు. రాసే చెయ్యి తప్పు చేయడం లేదు. రాసినదాన్ని నివారణ కోసం చదివే కన్నే లేదు. నాకు ఈ విషయంలో ఉన్న కోపమంతా ఇక్కడే.

రోడ్ల వరకు కొంత మార్పు వచ్చింది. ఐఐటీ మద్రాసు, ఎన్‌ఐసీ కలిసి తయారుచేసిన ఐరాడ్ యాప్‌లో పోలీసులు ప్రమాద స్థలం నుంచే వివరాలు, ఫొటోలు ఎక్కిస్తున్నారు. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావుకో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. ఈ లెక్కలోనే ఒక లోటుంది. ఐదు ప్రమాదాలో పది చావులో జరిగేదాకా ఆగాలా? పైగా ఇది జాతీయ రహదారుల కొలత. మండల రోడ్డు మీద, పొలం దారి కలిసే చోట, ఏడాదికొకరు చొప్పున పోతుంటే ఈ జల్లెడకు చిక్కదు.

మన పల్లె రోడ్ల ప్రమాదాలకు కొన్ని సొంత కారణాలున్నాయి. పంట కోతలప్పుడు తారురోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. రాశి మీద నుంచి బండ్లు వెళ్లకుండా అంచుల్లో రాళ్లు పేరుస్తారు, రాత్రికి నల్లటి టార్పాలిన్ కప్పుతారు. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు 22 మీటర్లు దూసుకుపోతుంది. చీకట్లో నల్లటి పట్టా కనబడి, మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు పట్టేలోపే రాయి తగులుతుంది. రైతును తిట్టి లాభం లేదు. కల్లం లేక, కొనుగోలు కేంద్రంలో తేమ శాతం చూస్తారన్న బెంగతో అతను రోడ్డెక్కాడు. ఊరికొక ఆరబోత కల్లం కట్టడం వ్యవసాయ శాఖ పద్దులో ఖర్చుగా కనబడుతుంది. నా దృష్టిలో అది రోడ్డు భద్రత పని. అలాగే వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ. చెరకో పత్తో నింపుకుని చీకట్లో కదిలే ఆ ట్రాలీకి వెనక రేడియం స్టిక్కర్ ఉంటే వచ్చే బండికి అది దూరం నుంచే మెరుస్తుంది. కొన్ని వందల రూపాయల పని అది.

వేగం సంగతి కూడా ఒక్క మాటలో చెప్పాలి. సగటు వేగం 1 శాతం పెరిగితే చావుకు దారితీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు మీద వేగం కొద్దిగా తగ్గినా ప్రాణాలు నిలబడతాయి. బోర్డు పెడితే తగ్గదు. రోడ్డు ఆకారం మారాలి, బడి దగ్గర ఎత్తుగా కట్టిన దాటుదారి ఉండాలి, స్పీడ్ బ్రేకర్‌కు తెల్ల చారలుండాలి. చారల్లేని స్పీడ్ బ్రేకరే రాత్రుళ్లు ఒక ప్రమాదం.

ప్రమాదం జరిగాక మొదటి గంటలో ఏం చేశామన్నదాని మీద చాలా ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. తీసుకెళ్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం ఇంకా పోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం గాయపడ్డవాళ్లకు మంచి మనసుతో సాయపడినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు, పేరు చెప్పమని బలవంతం చేయడానికీ వీల్లేదు. ఇలా సాయపడినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 5,000 నుంచి 25,000 రూపాయలకు పెంచారు. అదే ఏడాది మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం కూడా అమల్లోకి వచ్చింది. ఈ మూడు సంగతులూ ఊళ్లో ప్రతి ఆటో డ్రైవరుకూ, ప్రతి టీకొట్టు యజమానికీ తెలియాలి. ప్రమాదం దగ్గరికి ముందు చేరేది వాళ్లే.

ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా

నీళ్ల విషయంలో మనం నేర్చుకోవలసింది పొరుగున ఉన్న బంగ్లాదేశ్ నుంచి. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ల పెరట్లో ఒక చెరువు. నాలుగేళ్లలోపు పిల్లలు పెద్ద సంఖ్యలో మునిగి చనిపోయేవారు. లెక్కలు తీస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఎక్కువ మంది పిల్లలు పడేది ఇంటికి పక్కనే ఉన్న నీళ్లలో. పడేది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 మధ్యలో. అది తల్లి వంటలో, తండ్రి పొలంలో, పెద్ద పిల్లలు బడిలో ఉండే వేళ.

పరిష్కారం ఆ గంటల్లోనే దొరికింది. ఊళ్లోనే ఒక మహిళకు శిక్షణ ఇచ్చి ఆ నాలుగు గంటలూ చిన్నపిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెట్టారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు 25 మీటర్లు ఈదడం, అర నిమిషం నీళ్లలో తేలి ఉండటం, మునుగుతున్నవాణ్ని తాము నీళ్లలోకి దిగకుండా గట్టు మీద నుంచే కర్రో బట్టో అందించి లాగడం నేర్పారు. కేంద్రాలకు వచ్చిన చిన్నపిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా, ఈత నేర్చుకున్నవారిలో 90 శాతానికి పైగా తగ్గాయని 2012లో పరిశోధన వెలువడింది. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వమే 16 జిల్లాల్లో 8,000 కేంద్రాలతో 2 లక్షల మంది పిల్లల కోసం పథకం చేపట్టింది.

మనకు కొత్తగా కేంద్రాలు పెట్టనక్కర్లేదు. అంగన్‌వాడీ ఉంది. పౌష్టికాహారం, చదువు అని మాత్రమే మనం చూసే అంగన్‌వాడీ, పిల్లాడు కుంటలో పడకుండా ఆపే చోటు కూడా. ఆ గంటల్లో అంగన్‌వాడీ టీచరును వేరే సర్వేలకూ మీటింగులకూ పంపితే పిల్లల మీద నుంచి ఒక జత కళ్లు తీసేసినట్టే. ఈ కోణంలో ఆ నిర్ణయాన్ని ఎవరూ తూచడం లేదు.

మన నీళ్ల ముప్పు వేరే రూపాల్లోనూ ఉంది. కంకర తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు ఒడ్డు పక్కనే నిలువులోతు ఉంటాయి, అడుగు తెలియదు. పొలాల్లోని ఫారంపాండ్లలో నీరు ఇంకకుండా ప్లాస్టిక్ షీటు పరుస్తారు. ఆ షీటు నాచుపట్టి జారుతుంది. ఈత వచ్చినవాడు కూడా ఒడ్డు పట్టుకోలేక, ఎక్కిన ప్రతిసారీ కిందికి జారి అలసిపోతాడు. నాలుగు మూలలా ముడులు వేసిన తాడు ఒడ్డున గుంజకు కట్టి నీళ్లలోకి వదిలితే పట్టుకుని ఎక్కొచ్చు. తాడు ఖరీదెంత? ఫారంపాండ్‌కు సబ్సిడీ బిల్లు పాస్ చేసేటప్పుడు కంచె, తాడు ఉన్నాయా అని ఒక్క గడి నింపమంటే చాలు. వదిలేసిన బోరుబావులకు మూత వేయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. బోరు వేసిన రిగ్గు వెళ్లేలోపే మూత బిగించడం యజమాని బాధ్యత.

కెమెరా కంటే ముందు దీపం

ఇక దొంగతనాలు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర రాచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే కాలనీ ఉంది. 2,280 ఇళ్లు, చాలావరకు పేదలవి. 1986 ప్రాంతంలో ఏడాదిలో 526 సార్లు ఇళ్లలో దొంగలు పడ్డారు. పోయినవేమిటో చూస్తే, ఆ ఇళ్లలో కరెంటుకూ గ్యాస్‌కూ నాణేలు వేసి వాడుకునే మీటర్లున్నాయి. చాలాసార్లు దొంగలు ఆ మీటరు పెట్టెలోని చిల్లర ఎత్తుకుపోతున్నారు. ఒకసారి దొంగ పడ్డ ఇంట్లో మళ్లీ పడే అవకాశం మిగతా ఇళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువని కూడా తేలింది. మీటర్లు మార్చారు. దొంగ పడ్డ ఇంటికి వెంటనే తలుపులు, గడియలు గట్టిచేశారు. చుట్టుపక్కల ఐదారు ఇళ్లవాళ్లను ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమని కోరారు. మూడేళ్లకు 526 కాస్తా 132 అయ్యాయి.

మన దగ్గర సంక్రాంతికీ వేసవి సెలవులకూ తాళం వేసిన ఇళ్లే దొంగలకు గురి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటు దీనికోసమే. ఊరెళ్లేముందు చెబితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. వాడుకునేవాళ్లు పెరగాలి. తెలంగాణలో 2013 నాటి ప్రజాభద్రత చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది, అంతకంటే ఎక్కువ చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాల్సిందే. ‘నేను సైతం’ పేరుతో కాలనీలు చందాలు వేసుకుని మరీ పెట్టించుకున్నాయి. కేసు ఛేదించడంలో కెమెరా గొప్ప సాయం. కానీ నివారణలో? 40 ఏళ్ల పరిశోధనలను కలిపి 2019లో వచ్చిన సమీక్ష ప్రకారం కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. పార్కింగ్ స్థలాల్లో బాగా పనిచేశాయి. కొట్లాటలు, దాడుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని చూస్తున్నప్పుడే ఫలితం ఎక్కువ.

2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచి బలమైన దీపాలు పెట్టి చూశారు. రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి. కెమెరాల సమీక్ష, ఈ దీపాల ప్రయోగం వేర్వేరు చోట్ల వేర్వేరు పద్ధతుల్లో చేసినవి కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చలేం. అయినా నా అభిప్రాయం చెబుతాను. కాలనీ దగ్గర డబ్బు కొద్దిగానే ఉంటే ముందు దీపాలు వెలిగించాలి. వెలుగులో ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది, ముసలాయన గుంత చూసుకుని అడుగేస్తాడు, బైకువాడికి రోడ్డు దాటే మనిషి కనబడతాడు. ఒక్క ఖర్చుతో నేరమూ ప్రమాదమూ రెండూ తగ్గుతాయి.

ఇంట్లోకి తలుపు పగలగొట్టకుండానే వచ్చే దొంగల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. అంతకుముందు ఏడాది అది 7,465 కోట్లు. రోడ్డు ప్రమాదంలో లాగే ఇక్కడా మొదటి గంట కీలకం. డబ్బు ఖాతాలు మారేలోపు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆపగలిగే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచితే ఉండదు. 108 అందరికీ నోటికొచ్చినట్టే 1930 కూడా రావాలి.

చివరిగా ఒక మనవి. మీ ఊరి గ్రామసభలో, మీ కాలనీ సంక్షేమ సంఘం మీటింగులో ఈసారి ఒక తెల్ల కాగితం మీద ఊరి పటం గీయండి. గత మూడేళ్లలో బండి ప్రమాదం జరిగిన ప్రతి చోటా, మనిషి నీళ్లలో పడిన ప్రతి చోటా, దొంగతనం జరిగిన ప్రతి ఇంటి దగ్గరా ఒక చుక్క పెట్టండి. పక్కన వేళ రాయండి. పేర్లు అక్కర్లేదు. ఊళ్లో ఆటోవాళ్లు, ఆశా కార్యకర్త, వార్డు మెంబరు కలిస్తే గంటలో అయ్యే పని. చుక్కలు ఎక్కడ గుంపుకట్టాయో చూసి, ఆ పటం నకలు ఒకటి ఎస్‌ఐ గారికీ, ఒకటి మండల ఇంజినీరుకూ ఇచ్చి, ఆ ఒక్క చోటు ముందు బాగుచేయమని తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. మరుసటి ఏడాది అదే పటం మళ్లీ గీయండి.